శ్రమకాలమందు దేవుని కృప

శ్రమ తొలగిన పిదప దేవునికి స్తోత్రము చెల్లించుట మనకందరికి వాడుకయే. జ్వరము తగ్గినపుడును, పరీక్షయందు కృతార్థులమైనపుడును, ఉద్యోగము దొరకినపుడును కృపయను మాట మన నోట సులభముగా వచ్చును. శ్రమ యింకను మన యింట కూర్చుండియున్నపుడే ఆ కృపను గుర్తించుట యెట్లు? ఈ ప్రశ్నకు నా యనుభవములో దొరకినంత యుత్తరమును మన పాఠశాల పత్రిక చదువరులకు విన్నవింపగోరుచున్నాను.

2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీని కురిసిన వర్షమును దిలుసుఖ్‌నగరు, ఎల్.బి. నగరు ప్రాంతములవా రెవ్వరును మరువలేరు. నగరమునకు తూర్పుననున్న ఘటకేసరు ప్రాంతమున ఒక్క దినములో 32 సెంటీమీటర్ల వాన కురిసెను. సరూర్‌నగరు చెరువు నిండి పొర్లగా దిగువనున్న కోదండరామనగరు మొదలగు కాలనీలు జలమయములాయెను. వీథులలో పడవలు తిరిగినవి. అప్పుడు మేము ఆ ప్రాంతమున నొక యింటి క్రింది భాగమున అద్దెకుంటిమి. రాత్రి తొమ్మిది గంటలకు గడప దాటిన నీరు అర్ధరాత్రికి మంచముల యెత్తునకు వచ్చెను. నా భార్య బియ్యపు డబ్బాను అటకపై పెట్టెను. నేను మా తల్లిగారి నెత్తుకొని మెట్లెక్కితిని.

అది కరోనా వ్యాధి ప్రబలియున్న కాలము. పై యంతస్తులోని వృద్ధ దంపతులు ఏడు నెలలుగా పాలవానిని సైతము గడప లోనికి రానిచ్చినవారు కారు. మేము ఐదుగురము తడిసిన బట్టలతో వారి వాకిట నిలిచితిమి. ఆ పెద్దమ్మగారు తలుపు తీసి, “లోపలికి రాండ్రి సారూ! రోగం సంగతి తర్వాత చూసుకుందాం” అనిరి. వారు మా మతమువారు కారు. వారి దేవుని గదికి ప్రక్క గదిలో మేము నాలుగు దినములు గడిపితిమి. మా తల్లిగారికి మధుమేహ వ్యాధి. ఇన్సులిను మందు చల్లగా నుండవలెను, కరెంటు లేదు. ఆ పెద్దమ్మగారు మందు సీసాను గిన్నెలో నుంచి, ఆ గిన్నెను మట్టికుండలోని నీటిపై నిలిపి, కుండకు తడిబట్ట చుట్టి, మూడు పూటలును ఆ బట్టను తడుపుచు కాపాడిరి.

కెరీతు వాగునొద్ద ఏలీయా ప్రవక్తకు కాకోలములచేత ఆహారము పంపిన దేవుడే ఆ తలుపు తీయించెనని నేనా రాత్రియే గ్రహించితిని. నీరింకను తీయలేదు. నా పుస్తకములును, శిక్షణ కళాశాలనాటి నోటుపుస్తకములును క్రింద నానుచునే యుండెను. అయినను కృప ముందుగనే వచ్చియుండెను.

ఇంతవరకు చెప్పుట సులభము. 2021 ఫిబ్రవరి 1వ తేదీని తొమ్మిది, పది తరగతులకు పాఠశాలలు తెరువబడినవి. నేనీ సంగతి తరగతిలో చెప్పగా ఒక బాలుడు లేచి, “సార్, మీకు పై అంతస్తు ఉన్నది. మాది రేకుల ఇల్లు. మా నాయన కుట్టుమిషన్లు రెండూ మునిగిపోయినవి. మాకు కృప ఏది?” అని యడిగెను. తరగతి నిశ్శబ్దమాయెను.

ఆ ప్రశ్న చిన్నది కాదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీని మూసీ నది పొంగినపుడు, అఫ్జల్‌గంజునొద్ద నొక చింతచెట్టు నాశ్రయించి సుమారు 150 మంది బ్రదికిరని ప్రసిద్ధి. అదే వరదలో వేలకొలది జనులు కొట్టుకొనిపోయిరి. చెట్టెక్కినవారికి మాత్రమే దేవుడుండెనా? అట్లు చెప్పుట మృతులయెడల క్రూరత్వము, దేవునిగూర్చి అసత్యము. అపొస్తలుడైన పౌలు తన శరీరములోని ముల్లు తీసివేయుమని ముమ్మారు వేడుకొనెను. ముల్లు పోలేదు, కృప దొరకెను. మన ప్రభువు సైతము సిలువను తప్పించుకొనలేదు. కాబట్టి తప్పించుకొనుటకే కృపయని పేరు పెట్టరాదు. శ్రమలో మనము ఒంటరిగా విడువబడకుండుటయే కృప.

ఈ మాటలేవియు నేనా బాలునితో అప్పుడు చెప్పలేదు. మధ్యాహ్న విరామమందు వానిని ప్రక్కను కూర్చుండబెట్టుకొని, ఆ దినములలో మీ యింటికి ఎవరెవరు వచ్చిరని మాత్రము అడిగితిని. వాడు వ్రేళ్లు మడచుచు లెక్కించెను. దసరా పండుగకు కుట్టుటకిచ్చిన గుడ్డలు బురదపాలైనను, ఇచ్చిన స్త్రీలలో నొక్కరును వెల యడుగలేదనియు, వారిలో నొకామె తన యింట మూలనున్న పాత మిషనును రిక్షాలో వేయించి పంపెననియు, దానిపైననే తన తండ్రి కుట్టుచున్నాడనియు చెప్పెను. పోయిన రెండు మిషన్లకు అది సరియని నేననలేదు, వాడును అనలేదు. కాని ఆ సంగతి చెప్పునపుడు వాని స్వరము ఉదయపు స్వరము కాదు.

విద్యార్థులారా, ఆ దినమునుండి నేను మూడు సంగతులను పాటించుచున్నాను. కష్టము వచ్చిన దినమున, పోయినవాటితో కూడ వచ్చినవారినిగూడ లెక్కింపవలెను. ఇతరుల యింట బురద యెత్తక మునుపు వారికి కృపనుగూర్చి బోధింపరాదు. మూడవది, కృప మనుష్యుల బుద్ధి ద్వారా కూడ పనిచేయునని యెరుగవలెను. 1908 నాటి వరద పిమ్మట విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు జలాశయములు 1920, 1927 సంవత్సరములలో పూర్తియాయెను. చెరువునుండి నీరు పోవు నాలాను పూడ్చి యిల్లు కట్టి, పిదప నీరు తీయుమని ప్రార్థించుట భక్తి కాదు.

తలిదండ్రులకు నా మనవి యొక్కటి. వానకాలము మరల వచ్చును. మన పిల్లలు పెద్దవారై యెత్తైన యిండ్లలో నివసించుదురు గాక; అప్పుడు క్రిందివాని పిలుపు వినబడునంత దగ్గరగా వారి హృదయములను ప్రభువు ఉంచును గాక.