ఊపిరున్న పెట్టె

మా మామయ్యగారు నలభై ఏళ్ళు పద్యనాటకాలకి హార్మోనియం వాయించారు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో తెల్లవార్లూ వాయించి, మర్నాడు పత్తి చేలోకి వెళ్ళిపోయే మనిషి. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. కుడిచేతి వేళ్ళు బాగానే ఉన్నాయి. కానీ హార్మోనియానికి తిత్తి కొట్టేది ఎడమ చెయ్యే కదా! ఆ రోజు నుంచి దాని మీద దుప్పటి కప్పేశారు.

మావారు కీబోర్డు కొనుక్కొచ్చారు. మామయ్యగారు రెండు నిమిషాలు వాయించి పక్కకి నెట్టేశారు. "దీనికి ఊపిరి లేదమ్మాయ్" అన్నారు.

సంక్రాంతి సెలవులకి వచ్చిన మా అబ్బాయికి ఆ మాట చెప్పాను. వాడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. "అయితే ఊపిరి తాతయ్య కాలికి ఇద్దాం అమ్మా" అన్నాడు.

ఆర్డినో లియొనార్డో అని అరచేతిలో పట్టే బోర్డు, పదమూడు బటన్లు, ముందుకీ వెనక్కీ జరిగే వాల్యూమ్ మీట ఒకటి తెప్పించాడు. చిత్రమేమిటంటే ఈ పెట్టెలోంచి శబ్దం రాదట! ఏ మెట్టు నొక్కారో, ఎప్పుడు వదిలారో ల్యాప్‌టాప్‌కి కబురు పంపుతుంది, అంతే. వీధిగదిలోంచి మగవాళ్ళు "కాఫీ" అని కేకేస్తే వంటింట్లో కాఫీ తయారవుతుందే, అలాగన్నమాట. ఆ కబురు భాష పేరు మిడి. 1983 నుంచీ ఉందట. అందులో ప్రతి స్వరానికీ ఒక అంకె. ఒకటి శ్రుతి షడ్జమం 60. మామయ్యగారిది నాలుగున్నర శ్రుతి కాబట్టి మా మొదటి బటన్ 66 అయింది.

సోల్డరింగ్ నాకే అప్పగించాడు. మిరపకాయల ఘాటుకి అలవాటుపడ్డ ముక్కు, ఆ పొగని లెక్కచేయలేదు. అంతా స్టీలు పోపులపెట్టెలో అమర్చాను. ల్యాప్‌టాప్ ఉలకదు, పలకదు. మావాడు చూసి తల పట్టుకున్నాడు. బోర్డు అడుగున ఉన్న అతుకులు స్టీలుకి తగిలి షార్ట్ అవుతోంది! చివరికి అత్తయ్యగారి పాత చెక్క పోపులపెట్టె అటక మీంచి దించాను. ఇంకా ఇంగువ వాసన పోలేదు.

వాల్యూమ్ మీటని రెండు చెక్కల మధ్య స్ప్రింగుతో బిగించి, కుడికాలి కింద పెట్టాం. కాలు నొక్కేకొద్దీ 0 నుంచి 127 దాకా అంకెలు పెరుగుతాయి, నాదం పొంగుతుంది. వదిలితే సన్నగిల్లుతుంది.

మామయ్యగారు షడ్జమం పట్టుకుని, కాలితో మెల్లగా నొక్కారు. నాదం లేచింది, ఒంగింది, మళ్ళీ లేచింది. ఇంట్లో ఎవరం మాట్లాడలేదు.

"స్ప్రింగు మరీ మొండిగా ఉందిరా. అయిదు పద్యాలకే కాలు పీకుతుంది. మెత్తటిది వెయ్యండి" అన్నారు చివరికి.

రెండేళ్ళుగా అన్నం మెతుకైనా, మాత్రైనా ఏది పెడితే అది మింగి ఊరుకున్న మనిషి. మళ్ళీ వంక పెట్టారు! మావాడు స్క్రూడ్రైవర్ కోసం పరిగెత్తాడు. నేను కాఫీ వంకన వంటింట్లోకొచ్చి కళ్ళు తుడుచుకున్నాను.