గ్రహణం రోజు టిఫిను

పొద్దున్నే పది నిమిషాల్లో ఏం టిఫిను చెయ్యొచ్చు అనే ప్రశ్నకూ హేతువాదానికీ ఏం సంబంధం అని మీరు అడగొచ్చు. చాలాకాలం నేనూ సంబంధం లేదనే అనుకున్నాను. 2019 డిసెంబర్ 26న ఆ అభిప్రాయం మారింది.

ఆ రోజు గురువారం. కేరళ, తమిళనాడుల్లో వలయాకార సూర్యగ్రహణం, మా కర్నూలులో పాక్షికం. ఉదయం 8 దాటాక పట్టి 11 దాటాక విడిచింది. సరిగ్గా టిఫిన్ల వేళ. గ్రహణమప్పుడు తింటే ఏమీ కాదని చూపించడానికి మా సంఘం మిత్రులం ఒక మైదానంలో చేరాం. పిల్లలకు గ్రహణం చూసే కళ్ళద్దాలు ఇచ్చాం. అందరం కలిసి ఇడ్లీలు తిన్నాం. చంద్రుడి నీడ గురించి నేను చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను.

తొమ్మిదిన్నరకు మా అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, జేజికి చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది." మీటరుతో చూడమన్నాను. 52 వచ్చింది. 70కి తగ్గితేనే ప్రమాదం. స్పృహలోనే ఉంది కాబట్టి మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించమన్నాను. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పదిహేను నిమిషాలకు మళ్ళీ చూస్తే 88. నేను ఇంటికి చేరేసరికి అమ్మ మంచం మీద కూర్చుని నా వైపు చూడకుండా కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

జరిగింది ఇదీ. సూర్యగ్రహణానికి పన్నెండు గంటల ముందే సూతకం మొదలవుతుందని టీవీలో చెప్పారు. అమ్మ ముందురోజు రాత్రి ఏడింటికే తినేసింది. పొద్దున ఏమీ ముట్టలేదు. కానీ షుగరు మాత్ర మాత్రం వేళకు వేసుకుంది. మందు తప్పకూడదని డాక్టరు చెప్పాడు కదా! ఆ మాత్ర గ్లిమిపిరైడ్. అది క్లోమాన్ని ఇన్సులిన్ విడుదల చెయ్యమని తరుముతుంది. మనం తిన్నామా లేదా అని చూడదు. డాక్టరు మాటా విన్నది, జ్యోతిష్కుడి మాటా విన్నది. రెండూ కలిస్తే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాణ్ణి మైదానంలో ఇడ్లీ తింటున్నాను.

"నిన్న రాత్రే నాకు ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"చెప్తే నవ్వుతావు కదా నాయనా" అంది.

మిత్రులారా, ఇరవై ఏళ్ళుగా మూఢనమ్మకాల మీద రాస్తున్నాను. నాకు తగిలిన విమర్శల్లో ఇంతకంటే గట్టిది లేదు. నా నవ్వు ఆమె నమ్మకాన్ని పోగొట్టలేదు, దాచుకోవడం నేర్పింది.

ఆ మర్నాటి నుంచి టిఫిను నా పని. అంతవరకూ మా ఆవిడ ఐదింటికి లేచి చేసేది, ఎనిమిదింటికి బడికి పరిగెత్తేది. సమానత్వం మీద వ్యాసాలు రాసినవాడికి పోపు ఎప్పుడు మాడుతుందో తెలియదు! మెల్లగా నేర్చుకున్నాను. ఏడున్నరకు అమ్మ మాత్ర వేసుకోవాలి, అప్పటికి పళ్ళెం సిద్ధంగా ఉండాలి. అదొక్కటే నియమం.

మా సీమలో అందరికీ తెలిసినది ఉగ్గాని. బొరుగులు నీళ్ళలో ముంచి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయల పోపులో వేసి, పుట్నాలపొడి చల్లితే ఎనిమిది నిమిషాలు. అయితే బొరుగులు రక్తంలో చక్కెరను తొందరగా పెంచుతాయి. అందుకని అమ్మకు తక్కువ పెట్టి, వేయించిన వేరుశనగలు ఎక్కువ కలుపుతాను. పెసలు రాత్రే నానబెడితే పొద్దున పెసరట్టుకు రుబ్బడమే పని. పులియబెట్టనక్కరలేదు. నాకూ అమ్మాయికీ ఉడికించిన గుడ్లు.

ఇక్కడా మూఢనమ్మకాలు తక్కువేం లేవు, వేషమే వేరు. రాగిజావ షుగరును తగ్గిస్తుందంటారు. రాగుల్లో కాల్షియం బాగా ఉన్న మాట నిజం, 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైనే. కానీ పిండిపదార్థం దాదాపు బియ్యంలో ఉన్నంత ఉంది. మెత్తటి పిండి పలచగా కాస్తే తొందరగానే అరుగుతుంది. తాగొచ్చు, మందు అనుకోకూడదు.

చద్దన్నం కథ ఇంకా తమాషా. రాత్రంతా నానితే అన్నంలో ఇనుము 3.4 నుంచి 73.91 మిల్లీగ్రాములకు పెరుగుతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఇనుము ఒక మూలకం. మట్టికుండలో నీళ్ళు పోస్తే పుట్టదు. పులిసినప్పుడు ఫైటిక్ ఆమ్లం తగ్గి, ఉన్న ఇనుమే కొంచెం బాగా ఒంటబట్టవచ్చు, అంతే. ఆ పులుపే కొన్ని సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతుంది కూడా. నీళ్ళూ మజ్జిగా పొయ్యకుండా రాత్రంతా బయట వదిలేసిన పొడి అన్నం వేరు సంగతి. అందులో పెరిగే బాసిల్లస్ సీరియస్ విడిచే విషం మళ్ళీ వేడి చేసినా పోదు.

మరి పొద్దున తినకపోతే అందరికీ ప్రమాదమేనా? కాదు. 13 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. టిఫిను తింటే బరువు తగ్గుతారనడానికి మంచి ఆధారం దొరకలేదు. ఆరోగ్యంగా ఉన్నవాడు ఒకపూట మానేస్తే కొంప మునగదు. మా అమ్మలాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకు మునుగుతుంది. ఎవరికి, ఏ పరిస్థితిలో అని అడగకుండా చెప్పే సలహా జ్యోతిష్కుడు చెప్పినా, ఆరోగ్య పత్రిక చెప్పినా ఒకటే.

2020 జూన్ 21న మళ్ళీ సూర్యగ్రహణం వచ్చింది. ముందురోజు అమ్మే అడిగింది, "రేపు మాత్ర మానెయ్యనా, తినమంటావా?" అని. మందు సంగతి డాక్టరును ఫోన్‌లో అడిగాం. వేసుకుని తినమన్నాడు. పొద్దున ఏడున్నరకు పెసరట్టు తిన్నది. మిగిలిన పిండి గిన్నెలో మాత్రం ఒక దర్భ వేసింది. నేను చూశాను, నవ్వలేదు.

ఈసారి గ్రహణానికో, ఉపవాసానికో ముందు మైదానానికి బయలుదేరేటప్పుడు, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏ మాత్రలు వేసుకుంటున్నారో ఒకసారి కనుక్కోండి. వాళ్ళు చెప్పేదాకా ఓపిగ్గా వినండి.