అలీసాగర్: ఇంటిల్లిపాదీ నడవదగిన అడవి దారి

మన ముస్లిం కుటుంబాలలో విహారం అన్న మాటకు చోటు తక్కువ. పెళ్ళికో, పరామర్శకో, ఆసుపత్రికో తప్ప ఇంటిల్లిపాదీ కలిసి గడప దాటే సందర్భాలు అరుదు. యువకులు మోటారు సైకిళ్ళ మీద తిరిగివస్తారు. పురుషులకు బజారు, మస్జిదు, శనివారం నాటి మేకల సంత ఉండనే ఉన్నాయి. ఇంటిలోని తల్లికి, పెళ్ళి కావలసిన ఆడపిల్లకు, వృద్ధురాలైన నానీకి మాత్రం నాలుగు గోడలే లోకం. నిజామాబాదు జిల్లాలో ఎన్నో ఇళ్ళలో స్త్రీలు ఉదయం నుంచి రాత్రి వరకు చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుడతారు. వంగిన నడుముకు, పొగాకు ధూళి పీల్చిన ఊపిరికి ఒక పూట చెట్టు గాలి దొరకడం విలాసం అనిపించుకోదు, అది ఆ దేహాలకు మనం బాకీపడిన హక్కు. ఆ హక్కును తీర్చడానికి దూర దేశాలు పోనక్కరలేదు. నవీపేటవాసులకు కూతవేటు దూరంలోనే అడవి, చెరువు, కొండ మూడూ ఒకచోట అమరిన స్థలం ఉంది. అదే అలీసాగర్.

దారి, పరిసరం

నవీపేట నుంచి నిజామాబాదు వైపు సాగే బాసర రహదారి మీద కొంత దూరం వచ్చి, జానకంపేట పరిసరాలలో ఎడపల్లి మండలం వైపు పక్కకు తిరగాలి. ప్రధాన రహదారి నుంచి జలాశయం దాదాపు రెండు కిలోమీటర్లు. నిజామాబాదు నుంచి వచ్చేవారికైతే పది, పన్నెండు కిలోమీటర్ల ప్రయాణం. వరిపొలాలు, పసుపు చేలు దాటగానే నేల ఎగుడుదిగుడుగా మారుతుంది. నల్లబండల గుట్టలు ఎదురవుతాయి. వాటి నడుమ నిశ్చలంగా నీరు. కట్ట దిగువన ఉద్యానవనం, ఒక పక్క జింకల వనం, గుట్ట మీద పాతకాలపు అతిథి గృహం, చుట్టూ అడవి. ఇన్ని కలిసి ఉన్నందువల్లనే ఇంటిలోని ప్రతి వయసువారికీ ఇక్కడ తగిన చోటు దొరుకుతుంది. నడవలేనివారు తోటలో చెట్టు నీడన చాప పరుచుకోవచ్చు. పిల్లలు జింకలను చూడవచ్చు. కాళ్ళలో సత్తువ ఉన్నవారు గుట్ట ఎక్కి నీటిని పైనుంచి తిలకించవచ్చు.

పేరు వెనుక మనిషి

ఈ జలాశయం నిర్మాణం 1931 ప్రాంతంలో జరిగింది. దీని పేరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహాదూర్‌ను గుర్తుచేస్తుంది. ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించి, ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, స్వదేశం తిరిగివచ్చి హైదరాబాదు రాజ్యపు చీఫ్ ఇంజనీరు అయ్యారు. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆయన కృషికి ముఖ్య నిదర్శనం. ఆ నిజాంసాగర్ ప్రధాన కాలువ మీద నీటిని నిలిపి పంచే జలాశయమే అలీసాగర్. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆయన పుట్టినరోజును ప్రభుత్వం తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుతోంది.

ఈ కథకు నవీపేటతో మరొక బంధం ఉంది. కాలక్రమంలో నిజాంసాగర్‌లో పూడిక చేరి నీటి నిలువ బాగా తగ్గిపోయింది. మొదట 29 టీఎంసీలకు పైగా పట్టిన జలాశయం 18 టీఎంసీల లోపుకు పడిపోయింది. కాలువ చివరి పొలాలకు నీరు అందడం గగనమైంది. అప్పుడు నవీపేట మండలంలోని కోస్లీ వద్ద గోదావరి నీటిని ఎత్తిపోసే పథకం కట్టారు. దానికి కూడా అలీసాగర్ పేరే పెట్టారు. 50 వేల ఎకరాలకు పైగా భూమికి నీరందించే లక్ష్యంతో ఆ పథకం రూపొందింది. ఒక మనిషి చేసిన మేలు ఆయన మరణించిన తరువాత కూడా పొలాలలో పారుతూనే ఉండడాన్ని మనవాళ్ళు సదఖయె జారియా అంటారు. పిల్లలకు ఆ మాటకు అర్థం పుస్తకంలో చెప్పడం కంటే కట్ట మీద నిలబెట్టి, కాలువను చూపించి చెప్పడం తేలిక.

ఆకు తెలిసినవారు, చెట్టు చూడనివారు

అక్టోబరు మొదలు ఫిబ్రవరి వరకు ఇక్కడ నడకకు అనువైన కాలం. వానలు వెలిసి అడవి పచ్చగా ఉంటుంది, ఎండ కాల్చదు. ఫిబ్రవరి చివరికి మోదుగులు ఆకు రాల్చి నిప్పుకణికల వంటి పూలు తొడుగుతాయి. టేకు, వేప, కానుగ, సీతాఫలం, తునికి, ఇవన్నీ ఈ జిల్లా అడవుల చుట్టాలే.

తునికి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మా బంధువర్గంతో కలిసి ఒకసారి వెళ్ళినప్పుడు, నలభై ఏళ్ళుగా బీడీలు చుట్టిన మా ఇంటి పెద్దావిడ దారి పక్కన ఒక చిన్న చెట్టు దగ్గర ఆగిపోయింది. ఆకును వేళ్ళ మధ్య నలిపి చూసి, “ఇది మన ఆకే కదరా!” అన్నది. తడిపి, కత్తిరించి, చుట్టి, దారం కట్టిన లక్షల ఆకులు ఆమె చేతుల మీదుగా పోయాయి. ఆ ఆకు చెట్టుకు ఉండగా చూడడం ఆమెకు అదే మొదటిసారి. “దీనికి పండు కూడా కాస్తుందా?” అని చిన్నపిల్లలా అడిగింది. కాస్తుంది, ఎండాకాలంలో పసుపుపచ్చని తీయని పండు. మనుమరాలు అది విని, “నానీ, ఎండాకాలంలో మళ్ళీ వద్దాం” అన్నది. ఆకు అంత బాగా ఎరిగిన మనిషికి అడవి అంత దూరంగా ఉండిపోవడానికి ఆమె వయసు కారణం కాదు. “నువ్వు కూడా రా” అని ఇంట్లో ఎవరూ పిలవకపోవడమే కారణం.

దైవప్రవక్త ముహమ్మద్ (స) తన సతీమణి హజ్రత్ ఆయిషా (ర)తో ప్రయాణంలో పరుగు పందెం పెట్టుకున్నారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఒకసారి ఆమె గెలిచారు, మరొకసారి ఆయన గెలిచారు. భార్యాబిడ్డలతో కలిసి నడవడం గాంభీర్యానికి లోటని భావించే పెద్దమనుషులు ఈ ఒక్క సంఘటనను గుర్తుచేసుకుంటే చాలు.

బయలుదేరే ముందు

నడకకు నేలను పట్టుకునే చెప్పులో, బూట్లో వేసుకోవాలి. నేలకు జీరాడే బురఖా ముళ్ళకు తగులుకొంటుంది. మడమల పైకి ఉండే వదులు దుస్తులు, మేజోళ్ళు ధరిస్తే పర్దాకూ లోటు రాదు, నడకకూ అడ్డు కాదు. ఉదయం తొమ్మిదికల్లా అక్కడికి చేరితే ఎండ ముదరక ముందే గుట్ట ఎక్కి దిగవచ్చు. ఇంటి నుంచి తహారీ, రొట్టెలు, ఖర్జూరాలు, సరిపడా తాగునీరు తీసుకువెళ్ళాలి. కోతులుంటాయి గనుక సంచులు మూసి ఉంచాలి. జింకలకు మన తిండి పెట్టరాదు, అది వాటికి హాని చేస్తుంది.

జుహ్ర్ నమాజుకు ఒక చాప, ఖిబ్లా దిక్కు తెలిపే సాధనం ఉంటే చాలు. శుభ్రమైన నేల ఎక్కడైనా సజ్దాకు తగినదే. ఇంత దగ్గరి ప్రయాణంలో నమాజును కుదించే వెసులుబాటు వర్తించదు కాబట్టి నాలుగు రకాతులూ పూర్తిగా చేయాలి. డిసెంబరులో సాయంత్రం ఆరు లోపే మగ్‌రిబ్ వేళ అవుతుంది. చీకటి పడక ముందే తిరుగు దారి పట్టడం క్షేమం.

నీటి విషయంలో మాత్రం ఏ మినహాయింపూ లేదు. జలాశయం అంచున రాళ్ళు పాకుడు పట్టి ఉంటాయి, లోతు పైకి తెలియదు. వుజూ చేయడానికైనా పిల్లలను ఒంటరిగా నీటి దగ్గరకు పంపరాదు. ఫొటో కోసం కట్ట అంచుకు పోయే యువకులను పెద్దలే వారించాలి.

నీటి అమానతు

నిజామాబాదు నగరానికి తాగునీరు ఇచ్చే వనరులలో అలీసాగర్ ఒకటి. మనం అక్కడ వదిలివచ్చిన ప్లాస్టిక్ పళ్ళెం, బిర్యానీ పొట్లం ఎవరో ఒకరి ఇంటి కొళాయి వైపే ప్రయాణిస్తాయి. దారిలోని బాధాకరమైన వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక భాగమని ప్రవక్త (స) బోధించారు. తొలగించడమే పుణ్యమైతే, వేయడం ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఒక ఖాళీ గోనెసంచి వెంట తీసుకువెళ్ళి, మన చెత్తతో పాటు ఇతరులు వదిలినది కూడా కొంత ఏరుకొని వస్తే పిల్లలు ఆ పాఠం ఎన్నటికీ మరువరు.

అలీసాగర్ చూసినవారికి దగ్గరలోనే మరికొన్ని చోట్లున్నాయి. జానకంపేట వద్ద అశోక్‌సాగర్ చెరువు, వింత ఆకారాల బండలు ఉన్నాయి. నిజామాబాదుకు ఏడు కిలోమీటర్ల దూరంలోని మల్లారం అడవిలో వంద కోట్ల ఏళ్ళకు మించిన శిల ఉంది. కాస్త దూరం పోగలిగితే మెదక్ దారిలో పోచారం చెరువు, దాని పేరనే ఏర్పడిన అభయారణ్యం ఉన్నాయి. ఒకనాడు నిజాములకు వేటస్థలమైన ఆ అడవిలో నేడు పక్షులు, జింకలు నిర్భయంగా తిరుగుతున్నాయి.

సృష్టిని కళ్ళారా చూసి ఆలోచించమని దివ్యఖుర్ఆన్ పదేపదే పిలుస్తుంది. ఆ పిలుపు ఇంటిలోని పురుషులకు మాత్రమే పరిమితం కాదు. వచ్చే సెలవు రోజున ఇంట్లో చాట ఒక పూట పక్కన పెట్టించండి. వంట పని మగవాళ్ళు అందుకోండి. అమ్మీని, ఆపాను, నానీని ముందు సీట్లో కూర్చోబెట్టి బయలుదేరండి.