బోర్డుతో జాతకం కలిసిందా?

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఓ షాపు ముందు ఆ తండ్రీకొడుకులు నిలబడి అరగంటైంది. డిగ్రీ చదివే కొడుక్కి వీడియో ఎడిటింగ్ పిచ్చి. 2023 దసరాకి కంప్యూటర్ కొనిస్తానని తండ్రి మాటిచ్చాడు. కుర్రాడు రాసుకొచ్చిన చీటీలో మొదటిది ఇంటెల్ ‘కె’ రకం ప్రాసెసర్. కంపెనీ నిర్ణయించిన వేగం కంటే ఎక్కువగా పరుగెత్తించడానికి- అదే, ఓవర్‌క్లాకింగ్‌కి- కట్లు విప్పి అమ్మే రకం. అందుకే కొన్ని వేలు ఎక్కువ. దాని కింద, ఖర్చు తగ్గుతుందని, బీ760 మదర్‌బోర్డు.

‘‘ఆ బోర్డు సరిపోతుందంటావా?’’ అన్నాడు తండ్రి.

‘‘సాకెట్ ఒకటే కదా నాన్నా. చక్కగా కూర్చుంటుంది.’’

కూర్చోవడానికేం... కూర్చుంటుంది. 1999లో ఆయన దగ్గరా అలాగే కూర్చుంది!

అప్పట్లో ఆయనది చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలే బతుకుతెరువు. ఫొటోషాప్‌లో బొమ్మ కాస్త మార్చమంటే, ఈలోగా టీ తాగి రావచ్చు. అంతకుముందు ఏడాది వచ్చిన సెలెరాన్ 300ఏ చవక ప్రాసెసర్. పైగా దానికో కిటుకు ఉందని కంప్యూటర్లు విప్పే కుర్రాళ్లందరికీ తెలుసు. బోర్డు 66 మెగాహెర్ట్జ్‌తో తాళం వేస్తే, ప్రాసెసర్ దానికి నాలుగున్నర రెట్లు... 300తో నడుస్తుంది. ఆ నాలుగున్నర మారదు. తాళాన్నే 100కి పెంచితే 450 వస్తుంది. పైసా ఖర్చు లేకుండా సగానికి సగం వేగం!

అయితే 100 తాళానికి 440బీఎక్స్ చిప్‌సెట్ ఉన్న బోర్డు కావాలి. ఆయనది పాత 440ఎల్‌ఎక్స్. జంపర్లు మార్చి చూస్తే 83 దాకా వెళ్లింది. 375 మెగాహెర్ట్జ్! రెండ్రోజులు హాయిగా గడిచింది. తాళంలో సగమే పీసీఐ దారికీ వేగం అన్న సంగతి ఆయన పట్టించుకోలేదు. 33 ఉండాల్సింది 41 దాటింది. హార్డ్‌డిస్క్‌కి సమాచారం వెళ్లేదీ ఆ దారినే. మూడోరోజు ఒక్క ఫైలూ తెరుచుకోలేదు.

అసలే మాఘమాసం. ఆ వారం ఇవ్వాల్సిన శుభలేఖలన్నీ పోయాయి. భార్య చిత్తుప్రతులు చదువుతుంటే తెల్లవార్లూ మళ్లీ టైపు చేశాడు. ఆ కంగారులో ఓ కార్డులో పెళ్లికూతురి మేనమామ పేరు ఎగిరిపోయింది. ఆ పెళ్లివారు మళ్లీ ఆయన గడప తొక్కలేదు.

ఇదంతా కొడుక్కి తెలియదు. ‘‘షాపబ్బాయిని అడుగు’’ అన్నాడంతే. అతను నవ్వాడు. ఇంటెల్‌లో ‘జెడ్’ చిప్‌సెట్ బోర్డు ఉంటేనే ‘కె’ ప్రాసెసర్‌ గుణకాన్ని పెంచుకోవచ్చు. బీ760లో ర్యామ్ వేగం పెరుగుతుంది కానీ ప్రాసెసర్‌ది కాదు. ఏఎండీ రైజెన్ అయితే ‘బీ’ బోర్డులూ ఒప్పుకుంటాయి, ‘ఏ’ రకం ఒప్పుకోవు. పోనీ జెడ్ కొన్నా, ప్రాసెసర్‌కి కరెంటు అందించే సర్క్యూట్లు నాసిరకమైతే వేడెక్కి వేగం అవే తగ్గించేస్తాయి. మంచి బోర్డు, పెద్ద కూలర్... లెక్క పెరుగుతూ పోయింది.

కుర్రాడు చీటీలో ‘కె’ కొట్టేసి, మామూలు ప్రాసెసర్ రాశాడు. బోర్డు అదే ఉంచాడు. మిగిలిన డబ్బుతో ఇంకో ఫ్యాన్ వేద్దామన్నాడు.

‘‘ఫ్యాన్ తర్వాత. ముందు ఫైళ్లు దాచుకోడానికి విడిగా ఓ హార్డ్‌డిస్క్ తీసుకో’’ అంటూ తండ్రి జేబులోంచి డబ్బు తీశాడు.