పంక్తిభేదము లేని పిజ్జా

ఒక పంక్తిని కూర్చుండిన వారికందఱికిని ఒకే పదార్థము వడ్డింపవలయునని మన పెద్దలు నియమించిరి. ఒకని విస్తరిలో నేయి వేసి, ప్రక్కవానికి వేయకపోవుట పంక్తిభేదమనియు, అది గొప్ప దోషమనియు వారి మతము. అరటియాకులతోడనే యీ నియమమును గతించినదని కొందఱు తలంతురు. మేమట్లు తలంపము. నేటి బాలబాలికలు మిక్కిలి ప్రీతితో తినునట్టి పిజ్జా యను ఇటలీదేశపు రొట్టెయే మాకీ నియమమును మరల బోధించినది. ఆ వృత్తాంతమును, దానివలన మా యింట అభ్యస్తమైన పాకవిధానమును, మన పాఠశాల విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును ఉపయోగించునని యెంచి యిచ్చట వ్రాయుచున్నాము.

మేము తిరుచానూరు నివాసులము. పద్మావతీ అమ్మవారి కోవెలయు పద్మసరోవరమును గల మా యూరికి తిరుపతి పట్టణము ఇంచుమించు 5 కిలోమీటర్ల దూరమున నున్నది. అచ్చటి అంగళ్లలో పిజ్జా కావలసినంత దొరకును. కాని మా యన్నగారి కుమార్తె, 11 ఏండ్ల బాలిక, దానిని ముట్టరాదు. శైశవమునుండియు ఆమెకు పాలు పడవు. చెంచాడు పెరుగు లోపలికి పోయినను పెదవులు వాచి ఒడలెల్ల దద్దురులు లేచును. పాలలోని మాంసకృత్తులను దేహము శత్రువులుగా నెంచి వానితో పోరాడుటయే యీ వ్యాధికి కారణము. పాలలోని చక్కెర యరుగక కడుపు ఉబ్బుట, నొచ్చుట వేఱొక లోపము. అది పెద్దవారిలో తఱుచుగా కానవచ్చును, అట్టివారిలో పలువురు కొలదిపాటి పాలకు ఓర్చుకొందురు. మా బాలికకున్న వ్యాధిలోనో లేశమాత్రమును పనికిరాదు. కావున వైద్యులు ఆమెకు పాలు, పెరుగు, వెన్న, నేయి, చీజు అన్నింటిని నిషేధించిరి.

స్నేహితురాండ్ర పుట్టినరోజు విందులకు పోవునప్పుడు తల్లి ఆమెకొక చిన్న డబ్బాలో పులిహోర పెట్టి పంపుచుండెడిది. కొంతకాలమునకు ఆ బాలిక విందులకు పోవుటయే మానుకొనెను. కారణ మడుగగా, "నా డబ్బా చూచి అందఱును నీకేమి జబ్బని అడుగుచున్నారు" అని మాత్రము చెప్పి ఊరకుండెను. ఆ మాట విని యింటివారమందఱము చాలసేపు మాటలాడలేదు. తరువాత వేసవి సెలవులలో మేము, ఇంటనే పిజ్జా చేయుదమని ఆమెతో చెప్పితిమి. ఆమె సంతోషింపకముందే ఒక ప్రశ్న వేసెను: "చిన్నాయనా, అందఱికీ అదే చేస్తారా, నాకు మాత్రం వేఱే చేస్తారా?" ఆ ప్రశ్నయే మా ప్రయత్నమున కంతకును గీటురాయి యైనది. చీజు తీసివేసిన రొట్టెను ఆమె ముందుంచుట సులభము. చీజు తినగలవారును కోరి తినునట్టి రొట్టెను చేయుట వేఱు పని. మేము రెండవదానినే కోరితిమి.

చీజు లేనిది పిజ్జాయే కాదని పలువురి నమ్మకము. చరిత్ర దీనికి సాక్ష్యమీయదు. ఈ రొట్టెకు పుట్టినిల్లయిన నేపుల్స్ నగరమున మారినారా యను పిజ్జా పూర్వమునుండియు ప్రసిద్ధము. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో యను ఆకు, ఆలివు నూనె, ఇవియే దానిపై పఱచు వస్తువులు. చీజు మచ్చునకైన లేదు. 1889లో ఇటలీరాణియైన మార్గరీటా నేపుల్స్ నగరమునకు వచ్చినప్పుడు రఫయేలే ఎస్పోసిటో అను రొట్టెలవాడు టమాటా, చీజు, తులసిజాతి ఆకులతో చేసిన పిజ్జాను సమర్పించెననియు, అది ఆమె పేరనే వెలసెననియు చెప్పుదురు. 2010లో ఐరోపా సమాఖ్య నేపుల్స్ పిజ్జాకు సంప్రదాయ రక్షణ మొసంగినప్పుడు మార్గరీటాతోపాటు మారినారాను గూడ అందు చేర్చెను. ఆ నగరపు పిజ్జాకారుల విద్యను 2017లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వములలో నొకటిగా గణించెను. చీజు లేని పిజ్జా లోటుపడిన పిజ్జా కాదని మా బాలికకు మొదట చెప్పిన పాఠ మిదియే.

పాలు, గ్రుడ్లు సైతము విడిచిన శాకాహారమునకు వీగన్ అను పేరు 1944లో పుట్టినది. ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ మొదలగువారు ఆ పేరు పెట్టి యొక సంఘమును స్థాపించిరి. మన దేశమున శాకాహారియన పాలు, నేయి తినువాడే. కనుక శాకాహారమని వ్రాసియున్న పొట్లములన్నియు మా బాలికకు పనికిరావు. 2022లో భారత ప్రభుత్వపు ఆహార ప్రమాణముల సంస్థ వీగన్ ఆహారములకు వేఱుగ నియమములు చేసినది. చీజును మనవారు కొందఱు జున్ను అందురు గాని, మన జున్ను ఈనిన పశువు తొలి పాలతో వండునది. అదియు ఇదియు వేఱు. అయినను రెండును పాడియే.

చీజు తీసివేసినప్పుడు రొట్టెలో ఏమి లోపించుచున్నదో ముందుగా తెలిసికొనవలయును. అది ఉప్పును, క్రొవ్వును, కొంచెము పులుపును ఇచ్చును. కాలి ఎఱ్ఱబడి సువాసన నిచ్చును. అన్నింటికంటె ముఖ్యముగా నాలుకపై నిలిచియుండు ఒక గాఢమైన రుచి నిచ్చును. మనవారు షడ్రుచులను లెక్కించిరి. ఇది వానికి వెలుపలిది. 1908లో జపానుదేశపు రసాయనజ్ఞుడైన కికునే ఇకెడా సముద్రపు నాచుతో కాచిన చారునందు దీనిని గుర్తించి, గ్లుటామేటు అను పదార్థమే యిందులకు మూలమని నిరూపించి, ఉమామి యని పేరిడెను. నిలువచేసిన చీజునందు నిది మెండు. మా కార్యమునకు అనుకూలమైన సంగతి యేమనగా, బాగుగ పండిన టమాటాలోను, పుట్టగొడుగులలోను గూడ నిది కలదు. ఇక కాలిన వన్నెయు వాసనయు మాంసకృత్తులలోని అంశములును చక్కెరలును వేడిమిలో కలియుటచే పుట్టునని 1912లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు లూయీ కామిల్ మైయార్ వర్ణించెను. అందులకు పాలే కావలయునను నియమము లేదు.

మొదట పిండి. 500 గ్రాముల మైదాకు 320 మిల్లీలీటర్ల చల్లని నీరు, 10 గ్రాముల ఉప్పు, పావు టీచెంచా ఈస్టు చాలును. ఈస్టు శిలీంధ్రజాతికి చెందిన సూక్ష్మజీవి. దానిలో పాడి లేదు. పిండిని 10 నిమిషములు చక్కగా మర్దించి, అరగంట బయట నుంచి, పిమ్మట మూతపెట్టి ఒక దినము శీతలయంత్రములో నుంచవలయును. మా యూరి మే నెల ఎండలకు బయట నుంచిన పిండి గంటకే పొంగి, తెల్లవాఱుసరికి పులిసి చప్పబడిపోవును. చల్లదనములో నుంచినచో మెల్లమెల్లగా ఊరి రుచి తేలును. రాత్రియంతయు పులిసిన పిండితోనే దోసెకు కమ్మదనమని మన యిల్లాండ్రకు తెలియనిది కాదు. ఇదియు నట్టిదే. కాల్చుటకు గంట ముందు వెలుపలికి తీసి నాలుగు ఉండలుగా చేయవలయును. మైదాలో పదియవ వంతు రాగిపిండి కలిపితిమేని మన సీమ సంగటివాసన కొంచెము వచ్చును. అంతకు మించి కలిపిన రొట్టె సాగదు. పిండిని సాగదీయు జిగురు గోధుమలో నున్నదే గాని రాగులలో లేదు.

పిమ్మట టమాటా. మన చిత్తూరు సీమకు టమాటా క్రొత్త కాదు; మదనపల్లె టమాటా అంగడి దేశమంతట పేరుపొందినది. కిలో పండ్లను రెండేసి బద్దలుగా కోసి, ఇనుప పెనముపై కొంచెము నూనెతో, కోసిన ముఖము నల్లని మచ్చలు తేలువఱకు కాల్చవలయును. తరువాత నాలుగు ఎండుమిరపకాయలు, ఆఱు వెల్లుల్లి రెబ్బలు, తగినంత ఉప్పు చేర్చి, సన్నని మంటపై మూడవ వంతు మిగులువఱకు ఇగిర్చవలయును. దీనికి ముప్పావుగంట పట్టును. టమాటాలో నూటికి 90 పాళ్లకు మించి నీరే యుండును. ఆ నీరు పోయినకొలది, చీజునందు మనము వెదకు ఆ గాఢరుచి మిగిలినదానియందు చిక్కబడును. ఓపిక లేక పచ్చి రసము పోసినచో రొట్టె తడిసి మెత్తనగును.

చీజు స్థానమునకు మేము ఎన్నుకొన్నది వేరుశనగ. నానిన జీడిపప్పు నూరి చేసినదియు కమ్మగానే యుండును గాని వెల యెక్కువ. అంగడిలో అమ్ము కృత్రిమ చీజులలో పెక్కింటిని కొబ్బరినూనెతోను గంజిపదార్థముతోను చేయుదురు. కరగుటలో బాగే గాని అవియు వెల గలవి. వేరుశనగలో ఇంచుమించు సగము నూనె, నాలుగవ వంతు మాంసకృత్తులు. అది మన మెట్టచేల పంట. 150 గ్రాముల విత్తులను దోరగా వేయించి, పొట్టు తీసి, వేడినీటిలో గంటసేపు నానవేసి, రెండు చెంచాల నిమ్మరసము, ఉప్పు, ఒక చెంచా బియ్యపుపిండి, కొలదిగా నీరు చేర్చి వెన్నవలె నూఱవలయును. సంగటిలోనికి మనము నూఱుకొను ఊరిబిండికి ఇది దగ్గఱి చుట్టము. రొట్టెపై టమాటా ముద్ద పఱచి, దానిపై దీనిని చుక్కలుచుక్కలుగా నుంచినచో, వేడికి గట్టిపడి, కొనలయందు ఎఱ్ఱబడును. వేయించిన ఉల్లి, వంకాయ చక్రములు, పుట్టగొడుగులు, బుడంగాయమిరప ముక్కలు ఇచ్ఛానుసారము చేర్పవచ్చును. దింపిన తరువాత కొత్తిమీరయు, ఒక చెంచా గానుగనూనెయు చల్లవలయును. ఒక్క హెచ్చరిక: వేరుశనగ పడనివారును లోకములో కలరు. అతిథులను ముందుగా అడుగక దీనిని వడ్డింపరాదు.

నేపుల్స్ బట్టీలలో వేడిమి 480 డిగ్రీలకు పైబడి యుండుటచే రొట్టె నిమిషము, నిమిషమున్నరలో కాలును. మన యిండ్ల విద్యుత్ ఓవెనులు 250 డిగ్రీలకు మించవు. ఇనుప పెనమును లోపలనే అరగంట కాల్చి, దానిపై రొట్టె నుంచిన 8 లేక 10 నిమిషములలో పక్వమగును. ఓవెను లేనివారు విచారింప నక్కఱలేదు. పలుచగా ఒత్తిన రొట్టెను కాలిన పెనముపై రెండు నిమిషములు కాల్చి, త్రిప్పి, కాలిన ముఖముపై వ్యంజనములు పఱచి, బరువైన మూతపెట్టి, సన్నని మంటపై ఐదాఱు నిమిషములుంచిన చాలును. పాలు పడనివారికొఱకు చేయునప్పుడు పీట, కత్తి, పెనము ముందుగా బాగుగ కడుగవలయును. మైదాతప్ప ఏ పొట్లము కొన్నను పాలపొడి కలిసినదేమో దానిపై వ్రాత చదువవలయును. నేయి పూసిన గరిట యొక్కటి చాలును, శ్రమయంతయు వ్యర్థమగుటకు.

కార్తీకమాసమున అమ్మవారి బ్రహ్మోత్సవములు జరుగునప్పుడు పంచమీ తీర్థమునకు మా యింటికి బంధువులు వత్తురు. ఈ విద్య అలవడిన తరువాత వచ్చిన పంచమినాటి సాయంకాలము పండ్రెండుగురికి పిజ్జా చేయ పూనుకొంటిమి. మా తల్లిగారు కార్తీకమున ఉల్లి వెల్లుల్లి తినరు. "అవ్వ కూడ తినేటట్టు చేయండి" అని బాలికయే ముందుగా చెప్పెను. వేఱుగా తినుట యెట్లుండునో ఎఱిగినది గదా! కావున ఆనాడు వెల్లుల్లికి బదులు ఇంగువయు కరివేపాకును వేసి, ఉల్లిని విడిచి, ఎనిమిది రొట్టెలను ఒకే విధముగ కాల్చితిమి. ఆ బాలికయే అందఱికిని వడ్డించెను. చీజువలె తీగలు సాగుట లేదని బంధువులలో ఒక బాలుడు పలికెను. పలుకుచునే రెండవ ముక్కకు చేయి చాచెను. మా తల్లిగారు రుచి చూచి, "మన ఊరిబిండిని రొట్టెమీద పూసి దీనికింత దూరదేశపు పేరు పెట్టినారా నాయనా?" అనిరి. అది ఎవరికొఱకై పాడిలేక చేయబడినదో ఆ పంక్తిలో ఎవరును అడుగలేదు. మేము కోరినది అదియే.

టమాటా, మిరప, వేరుశనగ మూడును అమెరికా ఖండమునుండి ఓడలెక్కి వచ్చినవే. ఇటలీవారు కొన్నింటిని తమవిగా చేసికొనిరి, మనము అన్నింటిని మనవిగా చేసికొంటిమి. కాబట్టి ఏ వంటయు ఇట్లే యుండవలయునని పట్టుపట్ట పనిలేదు. విద్యార్థులారా! మీ తరగతిలో పాలు పడనివాడో, గోధుమ తినరానివాడో, చక్కెర మానవలసినవాడో ఒకడుండవచ్చును. విందు చేయునప్పుడు వానికొక డబ్బా విడిగా సిద్ధపఱచుట దయయే. కాని వాడు తినగల దానినే ఎల్లరకు రుచియగునట్లు వండి, ఎల్లరును ఒకే పంక్తిని కూర్చుండుట అంతకంటె మేలు. ఇందులకు వలయునది ఒక దినము ముందుగా కలిపిన పిండియు, ముప్పావుగంట ఓపికయు, "ఇది అందఱికిని" అను మాటయు మాత్రమే.