ఆవు వెనక పది, ఆవు ముందు పది

రండి, ఇలా దగ్గరగా జరగండి. చలి గట్టిగానే ఉంది, ఇంకో రెండు పుల్లలు ఎగదోస్తాను. ఇవాళ కబుర్లు మూగజీవాల ఆశ్రయాల గురించి.

యానిమల్ షెల్టర్ అనగానే మన కళ్లముందు కుక్కపిల్లే ఆడుతుంది కదా? హైదరాబాదులో 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూ క్రాస్ గుర్తొస్తుంది. కాలు విరిగిన వీధికుక్క, గాలిపటం దారంలో చిక్కుకున్న పావురం, ఇల్లు మారుతూ యజమాని వదిలేసిన పిల్లి. పట్నంలో దిక్కులేని జీవాలంటే ఇవే. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ వైపు వెళ్లారనుకోండి, ఈ బొమ్మ మొత్తం మారిపోతుంది. అక్కడ నీడ కావలసింది ఆవుకి, ముసలి ఎద్దుకి, తల్లి వెనకాలే తిరిగే దూడకి.

బస్తర్ అంటే ఎక్కడో దూరమనుకోకండి. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఎక్కిన 30వ నంబరు జాతీయ రహదారే కొత్తగూడెం, భద్రాచలం దాటి, కుంట, సుక్మా మీదుగా జగదల్‌పూర్ చేరుతుంది. కుంట సంతలో తెలుగు నడుస్తుంది, అటు ఇంద్రావతి ఒడ్డున భోపాలపట్నంలోనూ నడుస్తుంది. వానాకాలం రాత్రి ఆ దారిన కారులో వెళ్లినవాళ్లను అడగండి, మొదట చెప్పేది అడవి అందాల గురించి కాదు, రోడ్డు నడిబొడ్డున పడుకున్న గొడ్ల గురించి. హారన్ కొట్టినా లేవవు. ఎందుకు లేస్తాయి? చుట్టూ నేలంతా చిత్తడి, దోమలు, ఈగలు. తారురోడ్డు ఒక్కటే తొందరగా ఆరుతుంది, పగటి వేడి కాస్త దాచుకుంటుంది, లారీలు పోతుంటే గాలి తగులుతుంది. గొడ్డు తెలివితక్కువది కాబట్టి రోడ్డెక్కిందని మనం అనుకుంటాం గానీ, అది ఉన్న జాగాల్లో మంచిది ఏరుకుంది. పోయేది మాత్రం దాని ప్రాణం, మోటార్ సైకిల్ మీద వచ్చేవాడి ప్రాణం.

ఇంతకీ ఆ గొడ్లు ఎవరివి? చాలావాటికి యజమానులున్నారు. వరి కోతలయ్యాక పశువుల్ని పొలాల మీదికి వదిలేయడం ఆ ప్రాంతపు పాత ఆచారం. మోడుల్లో మేస్తాయి, పేడ వేస్తాయి, పొలానికి ఎరువు, గొడ్డుకి మేత. మన దగ్గర కూడా ఒకప్పుడు ఉన్నదే. చిక్కంతా తొలకరితో మొదలవుతుంది. నారు పోశాక కూడా వదిలిన గొడ్డు వదిలినట్టే ఉంటే పక్కవాడి పొలం ఏమవుతుందో నేను చెప్పాలా? పల్లెటూళ్లలో అన్నదమ్ముల్లాంటి వాళ్ల మధ్య మాటలు ఆగిపోయిన కేసులు తవ్వితే, అడుగున గట్టు తగాదా అయినా ఉంటుంది, గొడ్డు తగాదా అయినా ఉంటుంది.

ఈ తగాదాకి ఇంగ్లీషువాడు కనిపెట్టిన మందు బందెలదొడ్డి. 1871లో ఒక చట్టమే తెచ్చాడు. పంటలో పడ్డ పశువుని పట్టుకున్నవాడు ఇరవైనాలుగు గంటల్లోగా దొడ్డికి తోలాలి. యజమాని వచ్చి జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. వారం రోజుల్లో ఎవరూ రాకపోతే వేలం సంగతి చూస్తారు. ఆ చట్టం పశువుల జాబితాలో గొర్రె, మేక, పంది, గాడిదలతో పాటు ఏనుగు కూడా ఉంది. పంటలో పడ్డ ఏనుగుని పట్టుకుని దొడ్డికి తోలుకెళ్లిన మహానుభావుడెవరో నాకు చూడాలని ఉంది! హిందీ ప్రాంతాల్లో ఈ దొడ్డినే కాంజీ హౌస్ అంటారు. మన దగ్గర ఆ బుద్ధి ఇంకా చావలేదు సుమండీ. 2019లో హుజూరాబాదులో హరితహారం మొక్కలు మేశాయని రెండు మేకల్ని పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లారు, యజమానికి వెయ్యి రూపాయల జరిమానా పడింది.

బందెలదొడ్డి కూడా ఒక రకం ఆశ్రయమే. కానీ అందులోకి వెళ్లిన గొడ్డు ఖైదీ, యజమాని ముద్దాయి. జరిమానా కంటే ఆవు ధర తక్కువైతే ఎవడు వస్తాడు విడిపించుకోడానికి? ముసలి ఎద్దుని విడిపించుకోడానికి అప్పు చేసే రైతు కథల్లో ఉంటాడేమో. ట్రాక్టర్ వచ్చి ఎద్దుకి పని తగ్గాక అసలే రాడు.

బస్తర్‌లో ఇంకో మెలిక ఉంది. అక్కడి ఆదివాసీ పల్లెల్లో పాతకాలం నుంచీ ఆవుని పాలకోసం పెంచే అలవాటు లేదు. పాలు దూడవి అంటారు. ఆ పొట్టి దేశవాళీ ఆవు ఇచ్చేదీ కొంచెమే లెండి. దుక్కికి కోడె కావాలి, పొలానికి పేడ కావాలి, అంతే లెక్క. కాబట్టి వట్టిపోయిన ఆవు అనే మాటే అక్కడ పెద్దగా అతకదు. గొడ్డు ఊరంతటి మందలో ఒకటి. ఆ మందని కాసేవాడు ధోరయి, అంటే ఊరి పసులకాపరి. ఏడాదికింత అని ప్రతి ఇంటినుంచీ అతనికి ధాన్యం ముడుతుంది. దియారి పండగ వచ్చిందంటే అతనే మొనగాడు. ఇంటింటికీ వెళ్లి పశువుల మెడలో జేఠా అనే పట్టీ కడతాడు, ఇంటివాళ్లు పశువులకు కిచిడీ వండి పెడతారు, కాపరిని గౌరవిస్తారు. అటు అమావాస్య పండగ నాడు, అక్కడ అమూస్ తిహార్ అంటారు, పొలాల్లో నల్లజీడి కొమ్మలు పాతుతారు, పశువులకు వేళ్లూ మూలికలూ తినిపిస్తారు. మరీ షెడ్డు, బోర్డు, ఆఫీసు లేకపోయినా, పశువుని చూసుకోడానికి ఊరికి ఒక మనిషీ, ఒక కూలీ, ఒక పండగా ఉన్నాయన్నమాట. మధ్యాహ్నం మంద సేద తీరడానికి చెట్లకింద ఒక ఖాళీ జాగా కూడా ఉండేది. ఛత్తీస్‌గఢ్ అంతటా ఆ జాగా పేరు గౌఠాన్.

ఇక్కడికి వద్దామనే ఇంతసేపూ తిప్పాను. ఛత్తీస్‌గఢ్‌లో భూపేశ్ బఘేల్ ముఖ్యమంత్రి అయ్యాక ఒక నినాదం పట్టుకున్నారు: నరవా, గరువా, ఘురువా, బారీ. వాగు, గొడ్డు, పెంటగుంట, పెరడు. ఊరు బాగుపడాలంటే ఈ నాలుగూ బాగుండాలని. ఆ పాత ఖాళీ జాగాకి కంచె వేయించి, తొట్లు కట్టించి, నీళ్లు పెట్టించి, పగటిపూట ఊరి గొడ్లన్నీ అక్కడ ఉండేలా చూడమన్నారు. తొలకరికి ముందు రోకా-ఛేకా అని ఊరంతా కూర్చుని ఇక గొడ్లను వదలం అని ఒట్టు పెట్టుకోవడం పాత కట్టుబాటే, దాన్ని 2020 జూన్‌లో సర్కారు పిలుపుగా మార్చారు. కోతలయ్యాక గడ్డి తగలబెట్టకుండా గౌఠాన్‌కి ఇవ్వండని పైరాదాన్ అన్నారు. వరిగడ్డి దానం! గోదానం, భూదానం విన్నాం గానీ ఇది వినలేదు. నాకు తెగ నచ్చింది. యంత్రం కోసిపోయిన గడ్డికి నిప్పు పెట్టే మన కృష్ణా, గోదావరి రైతులక్కూడా ఎవరైనా చెబితే బాగుండు.

అసలు దెబ్బ 2020 జూలై 20న కొట్టారు. ఆ రోజు హరేలీ పండగ. వాళ్ల లెక్కలో సావన్ అమావాస్య, మన లెక్కలో ఆషాఢ అమావాస్య. ఆ నాడు గోధన్ న్యాయ్ యోజన మొదలైంది. కిలో పేడ రెండు రూపాయలకి సర్కారు కొనడం మొదలుపెట్టింది. నవ్వారండీ జనం. టీవీల్లో నవ్వారు, అసెంబ్లీలో నవ్వారు. నవ్వుతూనే తట్ట పట్టుకుని బయల్దేరారు. ఎందుకంటే లెక్క చూడండి: ఓ ఆవు రోజుకి అయిదు కిలోలు వేసిందనుకున్నా పది రూపాయలు. నాలుగు గొడ్లుంటే నలభై. సొంత గొడ్డు లేనివాడు దారిలో పేడ ఏరుకున్నా డబ్బే. నిన్నటిదాకా ఎవరిదో తెలియని ఆవుకి తెల్లారేసరికి యజమాని పుట్టుకొచ్చాడు. బందెలదొడ్డి జరిమానాతో చేయలేని పని రెండు రూపాయలు చేసింది.

కొన్న పేడని ఏం చేశారంటే, మహిళా సంఘాలకి అప్పజెప్పారు. తొట్లలో పోసి, వానపాములు వదిలి, ఎరువు చేసి, జల్లించి, గోతాల్లో నింపి కిలో పది రూపాయలకి అమ్మడం వాళ్ల పని. 2022 జూలై 28న, మళ్లీ హరేలీ నాడే, గోమూత్రం లీటరు నాలుగు రూపాయలకి కొనడం మొదలైంది. దాంతో పురుగుమందు చేసి బ్రహ్మాస్త్రం అని పేరు పెట్టారు. పేర్లు పెట్టడంలో మనవాళ్లని మించినవాళ్లు లేరు. పేడతో గోడలకి వేసే రంగు చేశారు, ప్రమిదలు చేశారు. 2022 మార్చిలో ముఖ్యమంత్రి అసెంబ్లీకి బడ్జెట్ తెచ్చిన పెట్టె కూడా పేడపొడితో సంఘం ఆడవాళ్లు చేసిందే. గౌఠాన్ల పక్కనే గ్రామీణ పారిశ్రామిక పార్కులు పెడతామని అదే ఏడాది గాంధీ జయంతికి శంకుస్థాపనలు జరిగాయి. జగదల్‌పూర్ దగ్గర తురేనార్‌లో అలాంటిదొకటి లేచింది.

ఇక పశువులకి ఒరిగిందేమిటంటారా? పశువైద్యుడిని అడగండి. అడవి అంచు పల్లెల్లో గాలికుంటుకి, గొంతువాపుకి, జబ్బవాపుకి టీకాలు వేయాలంటే సగం రోజు గొడ్డుని వెతకడానికే పోతుంది. అన్నీ ఒక్కచోట నిలబడితే ఒక పూటలో పని అయిపోతుంది. 2022లో లంపీ చర్మవ్యాధి దేశాన్ని వణికించినప్పుడు, ఊరి మంద ఎక్కడుందో తెలిసి ఉండటం ఎంత మేలో వేరే చెప్పక్కర్లేదు.

మధ్యలో ఒక మాట. బస్తర్‌లో పెంపుడు జీవం అంటే ఆవు కాదు, కుక్కా కాదు, కోడిపుంజు! మన సంక్రాంతి పుంజుల ఆసిల్ జాతికి బస్తర్, కోరాపుట్, మన గోదావరి, ఖమ్మం ప్రాంతాలే పుట్టిల్లు. వారపు సంతకి మనిషి నడిచి వస్తాడు, పుంజు చంకలో ఎక్కి వస్తుంది. ఆ పుంజుకి షెల్టర్ ఎవరూ కట్టక్కర్లేదు. పందెం అయ్యాక ఓడినదానికి మాత్రం ఎక్కడా ఆశ్రయం లేదు, కూరకుండలో తప్ప. సరే, ఆవు దగ్గరికి వద్దాం.

గౌఠాన్లన్నీ బంగారంలా నడిచాయని అంటే మీరు నమ్మరు, నేనూ అనను. కంచె ఉండి మేత లేనివి ఉన్నాయి, తొట్టి ఉండి నీళ్లు లేనివి ఉన్నాయి. లెక్కల్లో పేడ ఎక్కువ, తొట్లలో తక్కువ అని ప్రతిపక్షం కోట్ల కుంభకోణమంది. నా అనుమానం మాత్రం ఇంకోటి. పేడ కొనేది ఒక్క సర్కారే, ఎరువు ఎక్కువగా కొనిపించేదీ సర్కారే. రైతుకి సొసైటీలో యూరియాతో పాటు ఈ గోతం కూడా అంటగట్టారని గొణుగుడు అప్పుడే మొదలైంది. కొనేవాడు ఒక్కడే అయిన అంగట్లో ఆ ఒక్కడూ లేచి వెళ్తే ఏముంటుంది? 2023 చివర్లో ప్రభుత్వం మారింది. పేడ తూకం ఆగింది. తట్టలు ఇళ్లకి వెళ్లాయి, గొడ్లు మళ్లీ రోడ్డుకి వచ్చాయి. సంఘాల ఆడవాళ్లలో కొందరు ఎరువు పని వదిలి వేరే పని చూసుకున్నారు.

కొత్త ప్రభుత్వమూ అదే ముడి విప్పాలి కదా, 2025లో గౌధామ్ అనే పథకం తెచ్చింది. జాతీయ రహదారుల వెంట ఉన్న ఊళ్లతో మొదలుపెట్టి, దిక్కులేని గొడ్లనీ, అక్రమ రవాణాలో పట్టుబడినవాటినీ అక్కడ ఉంచుతారు. ఒక్కో గౌధామ్‌లో రెండు వందల దాకా. మేతకి గొడ్డుకి రోజుకి మొదటి ఏడాది పది రూపాయలు, తర్వాత ఇరవై, ముప్ఫై, నాలుగో ఏడు ముప్ఫై అయిదు. చూశారా చమత్కారం? పాత సర్కారు ఆవు వెనక పది రూపాయలు పెట్టింది, కొత్త సర్కారు ఆవు ముందు పది పెట్టింది. పది రూపాయల మేతతో గొడ్డు కడుపు నిండుతుందా అని నన్నడక్కండి, కట్ట గడ్డి ధర తెలిసినవాళ్లని అడగండి. ఇంకో తేడా కూడా ఉంది. వెనక పెట్టిన పది ఊళ్లో ఎవడికైనా అందేది, ఏరుకున్నవాడికల్లా. ముందు పెట్టిన పది గౌధామ్ నడిపే సంస్థ ఖాతాలోకి వెళ్తుంది, ఊళ్లోవాడికి ఆ గొడ్డుతో పనేముంది?

అయితే కొత్త పథకంలో నాకు నచ్చినది ఒకటుంది, దాచడమెందుకు. పసులకాపరికి నెల జీతం కట్టారు, 10,916 రూపాయలు. గోసేవకుడికి 13,126. ఏడాదికోసారి ధాన్యం కొలిపించుకునే ధోరయికి అది చిన్న మొత్తం కాదు. సర్కారు పేడ మాత్రం కొనదట. ఆ పేడ కాపరి తనే వాడుకోవచ్చు. రెండు వందల గొడ్ల పేడ! వానపాముల తొట్లు ఊళ్లో ఇంకా పడి ఉన్నాయి, వాటిని నడపడం తెలిసిన ఆడవాళ్లూ ఊళ్లోనే ఉన్నారు. కాపరి పోయి వాళ్ల తలుపు తట్టాలి, అంతే.