పొద్దున్నే బయల్దేరితే కొండ తేలికే!

మంజీర ఒడ్డునున్న మనూర్ చుట్టుపక్కల ఎటు చూసినా చేలే. కంది, పత్తి పండే ఈ నేలలో రోజూ మైళ్ల కొద్దీ నడిచేవాళ్లకైనా వరసగా వేల మెట్లెక్కే పని పడదు. అయినా ‘ఈసారి నడిచి కొండకొస్తాం స్వామీ’ అని మొక్కుకునే కుటుంబాలకు కొదవ లేదు. పిల్లాపాపలతో, పెద్దవాళ్లతో తిరుమల మెట్లెక్కాలంటే కాస్త ముందుచూపు ఉండాలి. ఎందుకంటే ఆ దారి గుడికి వెళ్లేదే అయినా, సాగేది మాత్రం అడవిలోంచి!

తిరుమల చుట్టూ ఉన్నవి శేషాచలం కొండలు. ఎర్రచందనానికి పుట్టిల్లు. చిరుతలు, కణుజులు, దేవాంగపిల్లులు, అరుదైన బంగారు బల్లులు తిరిగే చోటు. ఇక్కడి అడవిలో 353 చదరపు కిలోమీటర్లను 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కుగా ప్రకటించారు. 2010లో శేషాచలానికి బయోస్ఫియర్ రిజర్వు హోదా కూడా దక్కింది.

రెండు దారులు

కొండెక్కేందుకు రెండు నడకదారులున్నాయి. అలిపిరి దారి దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. గాలిగోపురం దాకా నిట్టనిలువుగా ఉంటుంది. ఆ తర్వాత చాలా దూరం చదునుగా సాగి, చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ పరీక్ష పెడుతుంది. మామూలుగా నడిస్తే మూడు నాలుగు గంటలు పడుతుంది. శ్రీనివాస మంగాపురం వైపునుంచి వెళ్లే శ్రీవారి మెట్టు దారి రెండు కిలోమీటర్ల పైచిలుకే. మెట్లు 2,388. ఆగుతూ ఆగుతూ ఎక్కినా రెండు గంటల్లో పైకి చేరొచ్చు. చిన్నపిల్లలున్న కుటుంబానికి ఇదే నయం. కాకపోతే మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్న తాతయ్య, నానమ్మలను బస్సులో పంపి పైన కలుసుకోవడం మంచిది.

మనూర్ నుంచి నారాయణఖేడ్, సంగారెడ్డి మీదుగా లింగంపల్లి చేరితే, సాయంత్రం బయల్దేరే నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ మర్నాడు పొద్దున తిరుపతిలో దించుతుంది. రాత్రంతా రైల్లో నలిగిన పిల్లల్ని దిగీదిగగానే మెట్లెక్కించకూడదు. ఆ రోజు శ్రీనివాస మంగాపురం గుడి, చంద్రగిరి కోట చూపించి, పెందలాడే పడుకోబెట్టి, మర్నాడు పొద్దున్నే నడక మొదలుపెడితే హాయి.

మధ్యాహ్నం దాటితే...

పొద్దున్నే అనడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. 2023 జూన్‌లో అలిపిరి దారిలో ఓ చిన్నారిని చిరుత నోట కరుచుకుపోయింది. పెద్దలు కేకలేస్తూ వెంటపడటంతో వదిలేసింది. ఆగస్టులో మాత్రం ఆరేళ్ల పాప ప్రాణం పోయింది. రెండు ఘటనలూ చీకటి పడ్డాకే జరిగాయి. దాంతో పదిహేనేళ్లలోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు గంటల తర్వాత నడకదారిలోకి పంపకుండా తితిదే ఆంక్షలు పెట్టింది. భక్తులు గుంపులుగా నడవాలనీ చెప్పింది. ఈ వేళలు, దర్శనం టోకెన్లిచ్చే చోటు తరచూ మారుతుంటాయి. ఊళ్లో బయల్దేరేముందే కనుక్కోవడం మేలు.

పిల్లలు ముందుకు పరిగెత్తకుండా, వెనకబడకుండా చూసుకోవాలి. ఒక పెద్దమనిషి ముందు, ఒకరు వెనక, పిల్లలు మధ్యలో... ఇదీ వరస. జింకలకో కోతులకో తినుబండారాలు పెట్టకూడదు. మిగిలిన తిండి మెట్లపక్కన పారేస్తే కుక్కలు, పందులు చేరతాయి. వాటి వెనకే చిరుత వస్తుంది.

కాలం కూడా చూసుకోవాలి. మనూర్‌లో దసరా నాటికి వానలు వెనకపడతాయి. తిరుపతిలో అసలు వానలు అప్పుడే మొదలై డిసెంబరు దాకా సాగుతాయి. 2021 నవంబరు వరదకు శ్రీవారి మెట్టు దారి బాగా దెబ్బతిని, మరమ్మతులయ్యాక 2022 మేలో గానీ తెరుచుకోలేదు. సంక్రాంతి సందడి తగ్గాక, ఎండలు ముదరకముందు వెళితే నడక సుఖంగా సాగుతుంది.

ముందు రెండు వారాలు ఇంటి డాబా మెట్లే రోజుకు పదిసార్లు ఎక్కి దిగితే పిక్కలు పట్టెయ్యవు. సంచులు మొయ్యక్కర్లేదు, కింద అప్పగిస్తే తితిదే వాళ్లే ఉచితంగా పైకి చేరుస్తారు. చేతిలో స్టీలు సీసాతో నీళ్లు, కాసిని పల్లీపట్టీలు, ఆధార్ కార్డులు ఉంటే చాలు. తిరుగు ప్రయాణం బస్సులోనే. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే మోకాళ్లకు శ్రమ ఎక్కువ.

మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కడం పిల్లలకు సరదా. వాళ్లను లెక్కపెట్టుకుంటూ ఎక్కడం పెద్దల బాధ్యత.